మూడేళ్ళప్పుడు తలకు తగిలిన దెబ్బ, మూడో తరగతిలో కనిపిస్తోంది

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మిగతావాళ్ళకి కూడా అర్థం కావడానికి ముందు విషయం క్లుప్తంగా చెప్తాను. బాబుకి మూడేళ్ళప్పుడు వాళ్ళ నాన్నగారు బండి ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని అంబాజీపేట వైపు వస్తుంటే కాలవగట్టు మీద గేదె అడ్డం వచ్చి బండి పడిపోయింది. బాబు అరగంటకు పైగా స్పృహలో లేడు. స్కానులో నుదుటి వెనక వైపు రక్తం చేరిందన్నారు. మొదటిరోజు ఒకసారి ఫిట్స్ వచ్చాయి. ఆపరేషన్ అవసరం లేకుండానే పన్నెండు రోజుల్లో ఇంటికి పంపేశారు. నెల తిరక్కుండానే నడిచాడు, మాట్లాడాడు, పరిగెత్తాడు. గండం గడిచిందనుకున్నారు.

ఇప్పుడు ఎనిమిదేళ్ళు, మూడో తరగతి. బోర్డు మీదది పూర్తిగా రాసుకోడు, చెప్పింది మరిచిపోతాడు, చిన్నదానికే పక్కవాణ్ణి కొడతాడు అని టీచరుగారి కంప్లయింటు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి, అంటే జాతరకి, తీసుకెళ్తే జనంలో కిందపడి దొర్లి ఏడ్చాడు. మామ్మగారు గారాబం అంటున్నారు, తోడికోడలు దిష్టి అంటున్నారు. పోయిన ఏడు మళ్ళీ ఒకసారి ఫిట్స్ వచ్చి, ఎనిమిది నెలలుగా లెవెటిరాసెటమ్ అనే ఫిట్స్ మందు సిరప్ పోస్తున్నారు. ఐదేళ్ళ కిందటి దెబ్బ ఇప్పుడు బయటపడుతుందా, ఇది ముదురుతుందా అని మీరు అడిగారు.

బయటపడుతుంది. నేను ఈ కోనసీమలో పిల్లల వైద్యం మొదలుపెట్టి ఇరవై నాలుగేళ్ళయింది. మీరు రాసిన వరస అచ్చం ఇలాగే ఎంతోమంది తల్లుల నోట విన్నాను. బాబుని చూడకుండా ఖాయంగా చెప్పడం తప్పు. కానీ మీ కాగితంలో రాసిన వివరాలు, ఇప్పటి లక్షణాలు కలిపి చూస్తే ఆ దెబ్బకీ దీనికీ సంబంధం ఉండే అవకాశమే ఎక్కువ. ముదురుతుందా అంటే, దెబ్బ ముదరడం లేదు. బడి ముదురుతోంది.

మన చెట్టుతోనే చెప్తాను. కొమ్ము పురుగు కొబ్బరి మొవ్వులోకి దూరి తొలిచిన రోజున పైనుంచి చూస్తే చెట్టుకి ఏమీ కాలేదనిపిస్తుంది. ఆకులన్నీ పచ్చగానే ఉంటాయి. నెలలు గడిచి ఆ మొవ్వులోని ఆకు విచ్చుకున్నప్పుడు, కత్తెరతో కోసినట్టు ముక్కలు లేచిపోయి కనిపిస్తుంది. పురుగు ఆ వారం వచ్చింది కాదు. దెబ్బ తిన్నది అప్పటికింకా విచ్చుకోని ఆకు. మూడేళ్ళ పిల్లవాడి మెదడులో నుదుటి వెనక భాగం అలాంటి మొవ్వే. రెండేళ్ళకే మెదడు పరిమాణంలో పెద్దవాళ్ళ మెదడులో సుమారు 80 శాతానికి చేరుతుంది గానీ, ఈ ముందు భాగం పూర్తిగా పక్వానికి రావడానికి ఇరవై ఏళ్ళు దాటతాయి. ఒక పని మీద మనసు నిలపడం, కోపం వస్తే చెయ్యి ఆపుకోవడం, రెండు మూడు విషయాలు ఒకేసారి తలలో పెట్టుకోవడం, ముందు ఏది తరవాత ఏది అని వరస వేసుకోవడం దాని పనులు. మూడేళ్ళవాణ్ణి ఇవేవీ ఎవరూ అడగరు. మూడేళ్ళవాడు గెంతినా, మరిచిపోయినా, కొట్టినా వయసు అనుకుంటాం. ఎనిమిదేళ్ళవాణ్ణి అడుగుతాం. అప్పుడు ఆ ఆకు విచ్చుకుంటుంది.

"చిన్నపిల్లాడు కదా, మెదడు లేతగా ఉంటుంది, ఇట్టే కోలుకుంటాడు" అనే మాట మీకూ ఎవరో చెప్పే ఉంటారు. ఆ మాటకి ఒక మూలం ఉంది. 1930ల్లో మార్గరెట్ కెన్నార్డ్ అనే శాస్త్రవేత్త కోతుల మీద ప్రయోగాలు చేసి, మెదడులో కదలికలకు సంబంధించిన భాగం దెబ్బతింటే పెద్ద కోతుల కన్నా పిల్ల కోతులు బాగా కోలుకున్నాయని గమనించారు. కాళ్ళూ చేతుల విషయంలో అందులో కొంత నిజం ఉంది. మీ బాబు నెలకే పరిగెత్తాడు కూడా. కానీ బండి మీంచి పడ్డప్పుడు మెదడు ఒక్కచోట దెబ్బతిని ఊరుకోదు. పుర్రె లోపల మొత్తం ఒక్క ఊపు ఊగుతుంది. చిన్నపిల్లలకి ఒంటితో పోలిస్తే తల పెద్దది, మెడ కండరాలు బలహీనం, అందుకని ఆ ఊపు ఇంకా ఎక్కువ. మెదడు భాగాలని కలిపే సన్నటి తీగల్లాంటివి సాగుతాయి, కొన్ని తెగుతాయి. ఆ తెగినవి మామూలు సీటీ స్కానులో చాలాసార్లు కనిపించవు. నేర్చుకోవడానికి పనికొచ్చే తీగలు అవే. ఇలా మెదడంతా కుదిపేసే పెద్ద దెబ్బల్లో వయసు ఎంత తక్కువైతే తరవాతి చదువుకి అంత ఇబ్బంది అని ఆ తరవాతి పరిశోధనల్లో తేలింది.

ఈ మాట నేను పుస్తకాల్లో చదివిన దానికన్నా ఒక తప్పు చేసి ఎక్కువ నేర్చుకున్నాను. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో రాజోలు వైపు నుంచి రెండేళ్ళ పాపని తీసుకొచ్చారు. పిట్టగోడ లేని డాబా మీంచి పడి, కాకినాడలో చికిత్స అయ్యాక, కుట్లు చూపించుకోవడానికి నా దగ్గరకి వచ్చారు. పాప నవ్వుతోంది, నడుస్తోంది. నేను "ఇంక ఏమీ లేదమ్మా, మళ్ళీ రానక్కర్లేదు" అని రాసి పంపేశాను. ఏడేళ్ళ తరవాత అదే తల్లి అదే ఫైలు పట్టుకుని వచ్చింది. పాప నాలుగో తరగతి. బడిలో మొద్దు అని పేరు పడింది, హోంవర్కు కోసం దెబ్బలు తింటోంది, బడి అంటేనే కడుపునొప్పి అంటోంది. ఏడేళ్ళలో ఒక్కరు కూడా ఆ డాబానీ ఈ చదువునీ కలిపి చూడలేదు. ఫైలు మీద "రానక్కర్లేదు" అన్న రాత నాది, కింద సంతకం నాది. ఆరోజు నుంచి తలకు గట్టి దెబ్బ తగిలిన ఏ పిల్లల్నీ ఆ మాట చెప్పి పంపలేదు. బడిలో వేసేముందు ఒకసారి, ఒకటో తరగతిలో, మూడో తరగతిలో, హైస్కూలుకి వెళ్ళేటప్పుడు రమ్మంటాను.

ఇది చదివే మిగతా తల్లులు కంగారు పడొద్దు. మంచం మీంచి దొర్లి బొప్పి కట్టిన ప్రతి బిడ్డకీ ఇలా అవదు. దెబ్బ తీవ్రతని కొలవడానికి 1974 నుంచి గ్లాస్గో కోమా స్కేలు అని ఒకటి వాడుతున్నారు. కళ్ళు తెరవడం, మాట, కదలిక చూసి 3 నుంచి 15 దాకా మార్కులు వేస్తారు. 13 నుంచి 15 వస్తే తేలికపాటి దెబ్బ, 9 నుంచి 12 మధ్యస్థం, 8 గానీ అంతకన్నా తక్కువ గానీ అయితే తీవ్రం. తేలికపాటి దెబ్బ ఒక్కసారి తగిలిన పిల్లల్లో ఎక్కువమంది కొన్ని వారాల్లో మామూలు అయిపోతారు. మీ బాబు డిశ్చార్జి కాగితంలో 10 అని ఉందన్నారు, స్పృహ లేదు, స్కానులో రక్తం ఉంది. అందుకే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇప్పుడు బోర్డు సంగతి. ఇది కొంచెం ఆగి చూడాలి, ఎందుకంటే టీచరుగారికి బద్ధకంలా కనిపించేది ఇక్కడే ఉంది. బోర్డు మీద "గోదావరి నది నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వరంలో పుట్టింది" అని రాశారనుకోండి. పక్క పిల్లవాడు ఒక్క చూపులో సగం వాక్యం తలలో పెట్టుకుని వంగి రాసేస్తాడు. మీవాడు తలెత్తుతాడు, "గోదావరి నది" పట్టుకుంటాడు, వంగుతాడు, రాస్తాడు. మళ్ళీ తలెత్తుతాడు. ఎక్కడ ఆగాడో వెతుక్కుంటాడు. "నాసిక్" అని పట్టుకుని వంగేలోపు వెనక ఎవరో బల్ల జరిపిన చప్పుడుకి అది జారిపోతుంది. మళ్ళీ తలెత్తుతాడు. మూడో వాక్యానికి మిగతా పిల్లల కంటే రెండింతలు కష్టపడి ఉంటాడు. ఈలోపు టీచరు బోర్డు తుడిచేస్తారు. అప్పుడు పక్కవాడి పుస్తకం లాక్కుంటాడు, వాడు ఇవ్వకపోతే కొడతాడు. రిపోర్టులో మాత్రం "రాయడు, కొడతాడు" అని వస్తుంది. ఒకటీ రెండూ తరగతుల్లో పాఠాలు చిన్నవి, చాలామటుకు టీచరు నోటితోనే చెప్పేస్తారు. మూడో తరగతిలో పరిసరాల విజ్ఞానం వచ్చింది, చదివి తెలుసుకోవాల్సింది పెరిగింది. ఇప్పుడు తేడా దొరికిపోయింది.

మీరే ఇంట్లో ఒకసారి చూడండి. వాడు ఉషారుగా ఉన్నప్పుడు, టీవీ కట్టేసి, "చెప్పులు గుమ్మం పక్కన పెట్టి, బల్ల మీద ఎర్ర పెన్సిల్ తెచ్చి, మామ్మకి ఇవ్వు" అని ఒక్కసారే చెప్పండి. నా దగ్గరకొచ్చే ఇలాంటి పిల్లలు చాలామంది పెన్సిల్ తెచ్చి చేతిలో పట్టుకుని నిలబడిపోతారు. మొండితనం ఉన్న పిల్లవాడు పెన్సిలే తీసుకురాడు. తెచ్చి, దాన్ని ఏం చెయ్యాలో తెలియక మీ మొహంలోకి చూస్తున్నాడంటే చెప్పింది తలలో నిలవలేదన్నమాట. అదే మూడు పనులు ఒకదాని తరవాత ఒకటి విడివిడిగా చెప్పి చూడండి. చక్కగా చేస్తే మీకు దారి దొరికినట్టే. ఇది వ్యాధి నిర్ధారణ పరీక్ష కాదు, పిల్లవాణ్ణి అర్థం చేసుకోవడానికి మాత్రమే.

కోపం గురించి మాత్రం నన్ను ఒకటి అడగనివ్వండి. కొట్టడం ఎప్పుడు పెరిగింది? సిరప్ మొదలుపెట్టిన నెల క్యాలెండర్‌లో చూడండి. లెవెటిరాసెటమ్ మంచి మందే, నేనూ రాస్తాను. కానీ కొంతమంది పిల్లల్లో చిరాకు, కోపం, ఏడుపు బాగా పెంచుతుంది. అప్పటికే ముందు భాగం దెబ్బతిన్న పిల్లల్లో ఇది ఇంకా గమనించుకోవాలి. రెండూ ఒకే సమయంలో మొదలైతే నరాల డాక్టరుగారికి ఆ మాట తప్పకుండా చెప్పండి. మోతాదు తగ్గించడమో, వేరే మందు ఇవ్వడమో ఆయన చూస్తారు. ఒక్కటి మాత్రం చెయ్యకండి: మీ అంతట మీరు సిరప్ ఆపెయ్యకండి. హఠాత్తుగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. దెబ్బ తగిలిన మొదటి వారంలో వచ్చే ఫిట్స్ వేరు, ఏళ్ళ తరవాత వచ్చేవి వేరు. మొదటి వారం మందు వాడినంత మాత్రాన తరవాతివి రాకుండా ఆగవు, కాబట్టి "అప్పుడు మందు ఆపడం వల్లే మళ్ళీ వచ్చాయి" అని మిమ్మల్ని మీరు నిందించుకోవద్దు. ఫిట్స్ వస్తే పక్కకి ఒత్తిగిలించి పడుకోబెట్టండి, నోట్లో స్పూను గానీ తాళాలు గానీ పెట్టకండి, ఐదు నిమిషాలు దాటితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. కాలవలో ఈతకి, పంటు రేవు అంచుల దగ్గరికి ఒంటరిగా పంపకండి.

ప్రభల తీర్థంలో జరిగింది పరువు పోయే విషయం కాదమ్మా. ఆ బాణసంచా, డప్పులు, ఆ జనం, ఎండ. మన మెదడు అందులో అక్కర్లేని చప్పుళ్ళని తనంతట తనే పక్కకి నెట్టేస్తుంది. వీడి మెదడు ఆ పని చెయ్యలేక అన్నీ ఒకేసారి లోపలికి తీసుకుంటుంది. అలసట కూడా ఈ పిల్లలకి తొందరగా వస్తుంది, అది చాలామందికి తెలియదు. బడి నుంచి రాగానే ట్యూషన్‌కి పంపే అలవాటు ఉంటే ఈ ఏడాదికి మానిపించండి. వచ్చాక ఏదైనా తిని, గంటసేపు నిశ్శబ్దంగా ఉండి, ఆ తరవాత ఇరవై నిమిషాలు చదివితే రెండు గంటల ట్యూషన్ కన్నా ఎక్కువ పని జరుగుతుంది. వచ్చే పండక్కి తీర్థానికి తీసుకెళ్ళండి, మానిపించొద్దు. జనం చేరకముందే వెళ్ళి, దూరంగా గట్టు మీద నిలబడి, అరగంటలో వచ్చెయ్యండి.

పరీక్షల సంగతి. ముందు చెవి, కన్ను. తల పక్కన ఎముక చిట్లితే వినికిడి తగ్గొచ్చు, బడిలో అది అశ్రద్ధలా కనిపిస్తుంది. తరవాత ఎత్తు, బరువు రాయించి పెట్టుకోండి. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథికి దెబ్బ తగిలితే ఎదుగుదల ఆగిపోవడం గానీ, వయసు లక్షణాలు మరీ ముందుగా రావడం గానీ ఏళ్ళ తరవాత కనిపిస్తాయి. మగపిల్లల్లో తొమ్మిదేళ్ళ లోపు, ఆడపిల్లల్లో ఎనిమిదేళ్ళ లోపు అలాంటి మార్పులు వస్తే చూపించాలి.

అన్నిటికన్నా ముఖ్యం, మీకు ఇప్పటిదాకా ఎవరూ రాయనిది, సైకాలజిస్టు చేసే పరీక్ష. ఒక్క ఐక్యూ నంబరు తీసుకుని వచ్చెయ్యకండి. ఈ పిల్లల్లో ఐక్యూ చాలాసార్లు మామూలుగానే వస్తుంది, దాన్ని చూసి "బాగానే ఉన్నాడు" అనేస్తారు. శ్రద్ధ, జ్ఞాపకం, పని వేగం, చదవడం, లెక్కలు విడివిడిగా చూడమని అడగండి. దగ్గరలో కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది, పిల్లల విభాగం, మానసిక విభాగం రెండూ అక్కడే. సికింద్రాబాద్ బోయినపల్లిలో మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వ జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది, అక్కడ ఇలాంటి పరీక్షలు వివరంగా చేస్తారు. మీ మండలంలో సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రం ఎక్కడుందో ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో అడగండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉన్న టీచర్లు అక్కడ ఉంటారు, బాబు ఉన్న బడి టీచరుతో మాట్లాడటానికి కూడా వాళ్ళు సాయం చేస్తారు. సర్టిఫికెట్ గురించి అడిగారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి గానీ తలకు దెబ్బ అని విడిగా లేదు. దానివల్ల మిగిలిన ఇబ్బంది ఏ పేరు కిందకి వస్తే ఆ పేరు మీద ఇస్తారు, 40 శాతం గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటేనే చాలా సౌకర్యాలు వర్తిస్తాయి. అందుకే ముందు పరీక్ష, తరవాత ఆ సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపు.

ఏడీహెచ్‌డీ (మనసు నిలవకపోవడం, కుదురు లేకపోవడం ఉండే సమస్య) అని ఒకరు అన్నారని, దెబ్బతో సంబంధం లేదన్నారని రాశారు. దెబ్బ తరవాత కూడా అచ్చం అలాంటి పరిస్థితి వస్తుంది. మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ వయసులో తలకు దెబ్బ తగిలి ఆసుపత్రిలో చేరిన పిల్లలని అమెరికాలో ఏళ్ళ తరబడి గమనిస్తే, కొంతమందిలో ఆ లక్షణాలు ఐదారేళ్ళ తరవాత మొదలయ్యాయి. దానికి మందులు ఉన్నాయి, ఫిట్స్ అదుపులో ఉంటే జాగ్రత్తగా వాడొచ్చు. కానీ ముందు నిద్ర, సిరప్, బడి మూడూ సర్దుబాటు చేశాకే ఆ ఆలోచన. నా అభిప్రాయం అది.

టీచరుగారి దగ్గరకి గొడవకి వెళ్ళకండి. ఆవిడకి ఎవరూ చెప్పలేదు, అంతే. డిశ్చార్జి కాగితం జిరాక్సు ఇచ్చి, మూడు నాలుగు అడగండి: ముందు బల్లలో, కిటికీకి గుమ్మానికి దూరంగా కూర్చోబెట్టమని, బోర్డు మీదది సగం రాస్తే చాలని, మిగతాది పక్క పిల్లల పుస్తకం ఫోటో తీసుకోనివ్వమని, పరీక్షలో కాస్త ఎక్కువ టైము ఇమ్మని. మొహం ఎర్రబడగానే "ఆఫీసు రూములో చాక్‌పీసులు తీసుకురా" అని ఒక చిన్న పని మీద బయటకి పంపమని. ఈ చివరిది మా దగ్గర ఒక ప్రభుత్వ బడి టీచరమ్మ తనంతట తనే కనిపెట్టింది, నేను అప్పటి నుంచి అందరికీ చెప్తున్నాను.

ఇంటి గురించి. ఆస్ట్రేలియాలో విక్కీ ఆండర్సన్ బృందం రెండు నుంచి ఏడేళ్ళ మధ్య తలకు దెబ్బ తగిలిన పిల్లలని పదేళ్ళ పాటు గమనించి 2012లో ఫలితాలు ప్రచురించింది. తీవ్రమైన దెబ్బ తగిలినవాళ్ళు వెనకబడే ఉన్నారు. కానీ మొదటి కొన్నేళ్ళు గడిచాక ఆ దూరం అదే పనిగా పెరుగుతూ పోలేదు, తమ వేగంతో వాళ్ళూ ఎదుగుతూ వచ్చారు. ఎంత బాగుపడతారన్నది దెబ్బ ఒక్కదాని మీదే ఆధారపడలేదు, ఇంటి వాతావరణం మీద కూడా ఆధారపడింది. అందుకే బాబు వాళ్ళ నాన్నగారి సంగతి ఎత్తుతున్నాను. ఆయన ఐదేళ్ళుగా బాబుని బండి ఎక్కించుకోవడం లేదని, వాడు ఏం చేసినా ఏమీ అనరని, మీరొక్కరే గద్దించాల్సి వస్తోందని రాశారు. తప్పు తనదేనన్న బాధతో ఆయన వాడికి దూరం జరిగారు. వాడికి మాత్రం ఇంట్లో ఇద్దరిదీ ఒకే మాట కావాలి. పొద్దున్నే లేవగానే ఏం చెయ్యాలో బొమ్మలు గీసి గోడకి అంటించే పని ఆయనకి అప్పగించండి. పళ్ళు, స్నానం, టిఫిను, సంచి. రోజూ ఆ బొమ్మల దగ్గర వాడి పక్కన ఆయన్ని నిలబడమనండి.

బండి గురించి ఒక మాట. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లలకి హెల్మెట్, నడిపేవాళ్ళకి కలిపి కట్టే బెల్టు ఉండాలని, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదని 2022లో కేంద్రం నిబంధన తెచ్చింది. నాలుగేళ్ళు దాటితే మామూలు హెల్మెట్ చట్టమే వర్తిస్తుంది. మన గట్ల మీద ట్యాంకు పైన కూర్చున్న పిల్లలని నేను ఇవాళ పొద్దున కూడా చూశాను. మీ బాబుకి రెండో దెబ్బ తగలకూడదు, మొదటిదాని కన్నా దాని నష్టం ఎక్కువ కావచ్చు. సైకిల్ తొక్కితే హెల్మెట్ పెట్టండి, కాయలు దింపేటప్పుడు తోటలోకి పోనివ్వకండి.

ఈ నెలలో కాకినాడ వెళ్ళేటప్పుడు పాత డిశ్చార్జి కాగితం, స్కాను ఫిల్ములు, సిరప్ సీసా తీసుకెళ్ళండి. వాటితో పాటు వాడి రెండో తరగతి నోటుపుస్తకం ఒకటి, ఇప్పటి మూడో తరగతిది ఒకటి సంచిలో పెట్టుకోండి. రెండూ పక్కపక్కన తెరిచి డాక్టరుగారికి చూపించండి. కోపం వచ్చిన తేదీలు, ఎన్ని గంటలకి వచ్చిందో రెండు వారాలు రాసిపెట్టి అదీ చూపించండి. రిపోర్టు వచ్చాక ఇక్కడే రాయండి, చదివి చెప్తాను.